చదివి ఉద్దానానికే తిరిగొస్తాం: రిహాబిలిటేషన్ కౌన్సిల్‌కూ, రాష్ట్ర ఆరోగ్య శాఖకూ ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అధ్యక్షులకు, సభ్యులకు, ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీ కౌన్సిలర్‌ని. హెచ్ఐవీ పరీక్షకి వచ్చినవాళ్లతో పరీక్షకి ముందు, ఫలితం వచ్చాక మాట్లాడటం నా పని. పదిహేడేళ్లుగా కాంట్రాక్టు మీదే చేస్తున్నాను. నా వయసు 44. ఉద్యోగం చేసుకుంటూనే ఇగ్నోలో ఎం.ఏ. సైకాలజీ పూర్తిచేశాను. క్లినికల్ సైకాలజిస్టు అంటే మానసిక జబ్బుల్ని గుర్తించి, థెరపీ చేసే నిపుణులు; ఆ శిక్షణనిచ్చే సంస్థల్ని ఆమోదించేది రిహాబిలిటేషన్ కౌన్సిలే. ఆ శిక్షణకి వెళ్లాలని నాలుగేళ్లుగా ప్రయత్నిస్తున్నాను. నాలుగేళ్లలో నాకు అర్థమైంది మీకు చెప్పుకోవాలనే ఈ లేఖ రాస్తున్నాను.

ముందు ఒక మనిషి గురించి చెప్పాలి. ఎవరో తెలియకుండా ఉండేందుకు కొన్ని వివరాలు మార్చాను. చెన్నైకి వలస వెళ్లి వచ్చిన కుర్రాడు. అక్కడ ఒకసారి జరిగిన పొరపాటుకి భయపడి పరీక్షకి వచ్చాడు. నెగెటివ్. విండో పీరియడ్ (వైరస్ సోకినా పరీక్షలో కనిపించని తొలి రోజులు) గురించి చెప్పి మూడు నెలలకి మళ్లీ రమ్మన్నాం. వచ్చాడు, మళ్లీ నెగెటివే. మామూలుగా అయితే అక్కడితో అయిపోవాలి. నెల తిరక్కుండా మళ్లీ వచ్చాడు. "మేడమ్‌గారూ, ఆ రోజు సీసాలు మారిపోనాయేమో, ఇంకొక్కసారి సెయ్యండి" అన్నాడు. ఈలోపు బరంపురంలో ఒకచోట, శ్రీకాకుళంలో ఒకచోట సొంత డబ్బులు పెట్టి చేయించుకున్నాడు. ఆ కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో మడతలు నలక్కుండా పెట్టుకుని తిరిగేవాడు. వచ్చిన ప్రతిసారీ నేను ఓపిగ్గా కూర్చోబెట్టి, కాగితాలన్నీ చదివి, "నీకు లేదు నాయనా, నా మాట నమ్ము" అని చెప్పేదాన్ని. మొహం తేటపడేది. నవ్వుతూ వెళ్లేవాడు. కొన్నాళ్లకి మళ్లీ గేటు దగ్గర కనిపించేవాడు. ఏడాదిన్నరలో పదకొండుసార్లు వచ్చాడు.

ఎం.ఏ. రెండో ఏడాది పుస్తకం చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. ఓసీడీ అనే, అనుమానం వదలని మానసిక జబ్బులో మనిషి పదే పదే ధైర్యం చెప్పించుకుంటాడు. చెప్పినప్పుడల్లా భయం కాసేపు దిగుతుంది. ఆ కాసేపటి హాయి కోసం మనసు మళ్లీ అదే అనుమానాన్ని తవ్వుతుంది. అంటే మనం చెప్పే ధైర్యమే ఆ జబ్బుకి మేత. చికిత్స పద్ధతి పూర్తిగా వేరు. అనుమానం వచ్చినా పరీక్షకి పరిగెత్తకుండా, ఆ గాబరాని భరిస్తూ, అది తనంతట తను దిగేదాకా ఉండటం రోగికి కొద్దికొద్దిగా అలవాటు చేయించాలి. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అంటారు. ఏ మెట్టుతో మొదలుపెట్టాలి, ఎప్పుడు ఒత్తిడి పెంచాలి, ఎప్పుడు ఆగాలి అన్నది అనుభవజ్ఞులు పక్కన ఉండి నేర్పితేనే వస్తుంది. అదీగాక, ఆ కుర్రాడిది ఓసీడీయేనా, లేక ఎవరు చెప్పినా సడలని భ్రాంతా? భ్రాంతి అయితే దారి వేరు, సైకియాట్రిస్టు మందులు మొదలుపెట్టాలి. ఆ తేడా తేల్చడం నాకు రాదు. నేను చేసింది ఒక్కటే. పదకొండుసార్లు ప్రేమగా ఆ జబ్బుకి అన్నం పెట్టాను.

విశాఖపట్నం వెళ్లమని రాసిచ్చాను. వాళ్లమ్మ కాగితం చూసి, "పిచ్చాసుపత్రికా అమ్మా? పెళ్లి కావాల్సినోడు" అంది. ఇచ్ఛాపురం వైపు నుంచి విశాఖ 200 కిలోమీటర్లకు పైమాటే. ఇద్దరికి చార్జీలు, రెండు రోజుల కూలి, రాత్రికి ఎక్కడ తలదాచుకోవాలో తెలియని ఊరు. వాళ్లు వెళ్లలేదు. కొన్నాళ్లకి కుర్రాడు మళ్లీ చెన్నై వెళ్లిపోయాడు. ఇప్పుడెలా ఉన్నాడో తెలీదు. నేను మళ్లీ చదువుకోవాలనుకోవడానికి కారణం ఆ కుర్రాడే.

అందుకే మొదటే ఒక విషయం స్పష్టం చేస్తాను. శిక్షణని తేలిక చేయమని నేను అడగడం లేదు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో రాసిన క్లాజు చాలాసార్లు చదివాను. కౌన్సిల్ ఆమోదించిన సంస్థలో, పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణతో కలిపి రెండేళ్లు పూర్తికాలం చదవాలంటుంది. అది సరైన నియమం. రెండు శనాదివారాల సర్టిఫికెట్ కోర్సు చేసి గుమ్మానికి 'సైకాలజిస్ట్' బోర్డు పెట్టేవాళ్లని చూస్తుంటే నాకు భయం వేస్తుంది. పదిహేడేళ్ల అనుభవం ఉన్న నేనే ఒక కుర్రాడికి తెలియక హాని చేశాను. మీ నియమం మామీద అపనమ్మకంతో పెట్టింది కాదు, మా రోగులకి రక్షణ. అందుకే పార్ట్‌టైమ్ చేయమనో, అనుభవాన్ని చూసి కేసుల సంఖ్య తగ్గించమనో, లాగ్‌బుక్కులో మినహాయింపు ఇవ్వమనో అడగను. ఎంత కఠినంగా కావాలంటే అంత కఠినంగా ఉంచండి. ఆ గుమ్మం దాకా మేము చేరుకునే దారి ఉండాలన్నదే నా మనవి.

ఆ దారి ఇప్పుడెలా ఉందో చెబుతాను. మా ప్రాంతంలో ఉద్యోగం, సంసారం ఉన్నవాళ్లు సైకాలజీ ఎం.ఏ. చేయడానికి ఇన్నాళ్లూ చాలామందికి దూరవిద్యే ఆధారం. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ నిర్ణయించింది. రోగుల ప్రాణాలతో ముడిపడిన చదువుని పోస్టులో వచ్చే పుస్తకాలతో సరిపెట్టకూడదన్న ఉద్దేశం నాకు అర్థమవుతుంది. దానికి తోడు, ఇన్నాళ్లూ ఆ రెండేళ్ల శిక్షణగా ఉన్న ఎం.ఫిల్. క్లినికల్ సైకాలజీలో ప్రవేశాలు 2025-26తో ఆఖరని యూజీసీ ముందే ప్రకటించింది. దాని స్థానంలో కౌన్సిల్ బీఎస్సీ క్లినికల్ సైకాలజీ, ఎం.ఏ. క్లినికల్ సైకాలజీ, డాక్టర్ ఆఫ్ సైకాలజీ అనే కొత్త వరస తెచ్చింది. ఇంటర్ పూర్తిచేసిన పిల్లకి ఇది చక్కటి వరస, మెట్టు తర్వాత మెట్టు కనిపిస్తుంది. సాదా ఎం.ఏ. సైకాలజీ ఎప్పుడో చేసేసి, నలభై దాటి, పనిలో ఉన్నవాళ్లు ఈ వరసలో ఏ మెట్టు దగ్గర ఎక్కాలి? మళ్లీ ఇంకో ఎం.ఏ. నుంచి మొదలుపెట్టాలా? దీనికి సూటిగా, ఒక్క పేజీలో, తెలుగులో కూడా ఒక జవాబు ఇవ్వండి.

ఇక నా ప్రయత్నాలు. సంస్థల పేర్లు రాయను, వాళ్లమీద కోపంతో ఈ లేఖ రాయడం లేదు. మొదటిసారి ఒక సంస్థలో రాత పరీక్ష గట్టెక్కి ఇంటర్వ్యూకి వెళ్లాను. బయట కూర్చున్న వాళ్లంతా మా అమ్మాయి ఈడు వాళ్లు. ప్యానెల్లో ఒకాయన, "ఈ సీటు 23 ఏళ్ల అమ్మాయికిస్తే దేశానికి 35 ఏళ్లు పనికొస్తుంది, మీకిస్తే ఎన్నాళ్లు?" అని అడిగారు. గట్టిగా కాదు, మర్యాదగానే అడిగారు. అప్పుడు నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు చెబుతాను. మా రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగి 62 ఏళ్లకి రిటైర్ అవుతారు. ఆ లెక్క నాకు వేసుకుంటే, రెండేళ్లు చదువుకి పోగా పదహారేళ్లు మిగులుతాయి. ఆ పదహారేళ్లూ నేను సోంపేట, కవిటి, కంచిలి, మందస దాటి ఎక్కడికీ పోను. మా అత్తగారు ఇక్కడున్నారు, మా ఇల్లు ఇక్కడుంది, నన్ను "మేడమ్‌గారూ" అని ఆపి సంతలో తమ బాధ చెప్పుకునేవాళ్లు ఇక్కడున్నారు. ఆ 23 ఏళ్ల అమ్మాయి బెంగళూరులోనో హైదరాబాదులోనో స్థిరపడితే అది తప్పు కాదు, అక్కడా జబ్బు మనుషులున్నారు. ఆవిడ 35 ఏళ్లలో ఉద్దానానికి వచ్చేవి ఎన్ని అన్నది కూడా లెక్కలోకి తీసుకోండి.

రెండోసారి ఒక ప్రైవేటు సంస్థలో సీటు వచ్చింది. ఫీజు లక్షల్లో. అప్పు చేద్దామని మా ఆయన సిద్ధపడ్డారు. సెలవు కోసం కార్యాలయానికి వెళితే, "కాంట్రాక్టు వాళ్లకి చదువుకోడానికి సెలవు ఉండదమ్మా, రిజైన్ చేసి వెళ్లండి. వచ్చాక పోస్టు ఉంటే అప్పుడు చూద్దాం" అన్నారు. ఆ అధికారి తప్పేమీ లేదు, ఆయన దగ్గరున్న కాగితంలో అదే ఉంది. ఆ రాత్రి ఇంట్లో ముగ్గురం కూర్చుని లెక్క వేశాం. రెండేళ్లు నా జీతం ఉండదు, ఫీజు, హాస్టలు, మా అమ్మాయి డిగ్రీ ఖర్చు, అత్తగారి మందులు. మా అమ్మాయి, "అమ్మా, నేనొక ఏడాది ఆగుతాను, నువ్వెళ్లు" అంది. ఆ మాట విన్నాక సీటు వదులుకుంటున్నట్టు నేనే మెయిల్ పంపేశాను.

నాలాంటి నడివయసు వాళ్లు ఎందుకు, కుర్రవాళ్లు చాలరా అని అనుకోవచ్చు. ఉద్దానంలో ఒక్క రోజు గడిపితే ఎందుకో తెలుస్తుంది. ఇక్కడ ఇద్దరు కలిస్తే పంట ఎలా ఉందని అడిగినంత మామూలుగా "నీ క్రియాటినిన్ ఎంతుంది?" అని, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె ఎంతని అడుగుతారు. దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఇంటింటా ఉంది, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. డయాలసిస్‌కి వచ్చే మనిషి వారంలో రెండు మూడుసార్లు, వచ్చినప్పుడల్లా దాదాపు నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకుంటాడు. డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అందుకు మేమంతా రుణపడి ఉన్నాం. ఆ నాలుగు గంటలూ పైకప్పు చూస్తూ ఆ మనిషి ఏం ఆలోచిస్తున్నాడో అడిగే మనిషి మాత్రం పక్కన లేడు. నాకు ఆ వార్డుతో సంబంధం లేకపోయినా, మధ్యాహ్నం ఖాళీ దొరికితే వెళ్లి కూర్చుంటాను. ఒక పెద్దాయన, "ఏటమ్మా, ఈ మిషను నన్ను బతికిత్తంది గానీ, నా కొడుకుల్ని పీల్చేత్తంది" అన్నాడు. మందులు ఆపేయాలన్న ఆలోచన ఆ మాట వెనక ఉందో లేదో నిదానంగా అడిగి తెలుసుకోవాలి. ఎలా అడగాలో, అడిగాక ఏం చేయాలో నాకు సగమే తెలుసు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మెడికల్ క్యాంపుతో పాటు నేనూ ఊళ్లు తిరిగాను. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జ్వరం బిళ్లలు పంచాం. పడిపోయిన కొబ్బరి మాను మీద ఒక ముసలాయన రోజూ పొద్దున్న వచ్చి కూర్చునేవాడని వాళ్ల కోడలు చెప్పింది. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాపుకొచ్చేది ఎన్నేళ్లకో అందరికీ తెలుసు. తనకి అన్నేళ్లు లేవని ఆయనకీ తెలుసు. మా రిజిస్టరులో ఆయన పేరు ఎదురుగా 'బీపీ నార్మల్' అని రాసి వచ్చేశాం. 2018 నవంబరులోనే గుజరాత్ తీరంలో వేటకెళ్లి పాకిస్తాన్‌కి చిక్కిన మత్స్యకారుల్లో మా జిల్లా వాళ్లు, విజయనగరం జిల్లా వాళ్లు ఉన్నారు. 2020 జనవరిలో వాళ్లు ఇళ్లకి చేరినప్పుడు దండలు వేశారు, సాయం అందించారు. ఏడాదికి పైగా జైల్లో ఉండి వచ్చిన మనిషికి రాత్రుళ్లు నిద్ర ఎలా ఉందో, ఏడాది పాటు ఒంటరిగా సంసారం లాగిన ఆడమనిషికి ఎలా ఉందో అది వేరే పని. అది ఎవరి పనో ఎక్కడా రాసి లేదు.

మాట విషయం కూడా చెప్పాలి, ఇది చిన్న విషయం కాదు. మా వైపు ఎవరూ "నాకు డిప్రెషన్‌గా ఉంది" అని రారు. "ఒల్లంతా తిమ్మిర్లు", "గుండెకాయ పట్టుకుని పిసికినట్టుంది", "బుర్ర ఖాళీ అయిపోనాది", "అన్నం సయించట్లేదు" అని వస్తారు. గుండె పిసికినట్టుంది అంటే ఈసీజీ తీస్తారు, నార్మల్ అంటారు, బలం ఇంజెక్షన్ ఇచ్చి పంపుతారు. ఒక పెద్దావిడ ఎప్పుడూ లేనిది "ఎల్లిపోతాను" అందంటే, ఆ ఎల్లిపోవడం ఊరు వెళ్లడమా, లోకం నుంచి వెళ్లడమా అన్నది గొంతుని బట్టి ఇక్కడివాళ్లకి తెలుస్తుంది. శిక్షణ పొందిన బయటివాళ్లు ఈ మాట నేర్చుకోలేరని కాదు, కొన్నేళ్లు పడుతుంది. ఆ కొన్నేళ్లు గడిచేలోపు చాలామంది బదిలీ అయిపోతారు. మాకు మాట ఉంది, శిక్షణ లేదు. వాళ్లకి శిక్షణ ఉంది, మాట రావడానికి సమయం పడుతుంది. నలభై ఏళ్ల కౌన్సిలర్ని, నర్సుని, టీచర్ని శిక్షణకి పంపితే ఈ రెండూ ఒక్క మనిషిలోనే చేరతాయి.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. సర్వే జరిగింది 12 రాష్ట్రాల్లో, వాటిలో మన రాష్ట్రం లేదు. కాబట్టి మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల లెక్క నేను చెప్పలేను. నా రిజిస్టరులోంచి విశాఖకి రాసిచ్చిన వాళ్లలో, వెళ్లొచ్చామని తిరిగి వచ్చి చెప్పినవాళ్లని చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మానసిక సహాయం అందించే ఫోన్ లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయమని అందరికీ చెబుతూనే ఉంటాను, అది నిజంగా మేలు చేస్తోంది. ఫోన్ పెట్టేశాక ఎదురుగా కూర్చుని పన్నెండు వారాలు థెరపీ చేసే మనిషి కూడా కావాలి కదా.

రాష్ట్ర ఆరోగ్య శాఖ వారికి నా మనవి ఇది. పీహెచ్‌సీల్లో పనిచేసే డాక్టర్లకి పీజీలో ఇన్‌సర్వీస్ కోటా ఉంది. వాళ్లు ఉద్యోగం పోగొట్టుకోకుండా వెళ్లి చదువుకుని, తిరిగొచ్చి ప్రభుత్వంలో పనిచేస్తారు. ఆ పద్ధతినే మాకూ వర్తింపజేయండి. సైకాలజీ పీజీ ఉండి, ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో కనీసం ఏడెనిమిదేళ్లు పనిచేసినవాళ్లకి, కాంట్రాక్టు అయినా సరే, ఏటా జిల్లాకి ఒకరికో ఇద్దరికో పూర్తికాలపు చదువు సెలవు ఇవ్వండి. పూర్తి జీతం కుదరకపోతే సగం ఇవ్వండి. పదేళ్లు జిల్లాలోనే చేస్తామని బాండ్ రాయించుకోండి. ముఖ్యంగా, తిరిగొచ్చాక కూర్చోడానికి కుర్చీ ఉంటుందని ముందే రాసివ్వండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచీ ఉంది, జిల్లా బృందంలో క్లినికల్ సైకాలజిస్టు అనే స్థానం ఆ కార్యక్రమంలోనే ఉంది. మమ్మల్ని ఆ స్థానానికే సిద్ధం చేయండి.

కౌన్సిల్ వారికి రెండు మనవులు. కొత్త కోర్సుల అనుమతులు ఇచ్చేటప్పుడు ఉత్తరాంధ్రని గుర్తుపెట్టుకోండి. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967 నుంచి సైకాలజీ విభాగం ఉంది, శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. శిక్షణ కేంద్రం విశాఖలో పెట్టి, పోస్టింగుల్లో కొన్ని నెలలు శ్రీకాకుళం, విజయనగరం ఆసుపత్రుల్లో, పలాస డయాలసిస్ వార్డులో, పార్వతీపురం వైపు గిరిజన ఊళ్లలో ఉండేలా రాయొచ్చు. అర్హత ఉన్న సూపర్‌వైజరు వారానికి నిర్ణీత రోజుల్లో వచ్చి మా కేసులు చూడాలని షరతు పెట్టండి. అప్పుడు చదువు పూర్తికాలమే ఉంటుంది, కఠినంగానే ఉంటుంది, రోగులు మాత్రం మా వాళ్లు అవుతారు. రెండోది, ఎంపికలో అనుభవానికి కొంచెం చోటు ఇవ్వండి. రాత పరీక్షలో మార్కులు తగ్గితే మమ్మల్ని తీసుకోమని కాదు. గట్టెక్కిన వాళ్లని ఇంటర్వ్యూలో "ఇంకెన్నాళ్లు?" అని కాకుండా "ఎక్కడ పనిచేస్తారు?" అని అడగమని సంస్థలకి చెప్పండి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైకాలజీ ఎం.ఏ. చేసి, నలభైకి అటూ ఇటూ ఉండి, ఈ శిక్షణకి వెళ్లాలని ఎదురుచూస్తున్నవాళ్లం నాకు తెలిసి తొమ్మిది మందిమి. ఇద్దరు స్టాఫ్ నర్సులు, ముగ్గురు టీచర్లు, ఒక అంగన్‌వాడీ సూపర్‌వైజరు, నాలాంటి కౌన్సిలర్లు ముగ్గురు. నెలకొక ఆదివారం శ్రీకాకుళంలో ఒకరి ఇంట్లో కలిసి పాత ప్రవేశ పరీక్షల ప్రశ్నలు తీసి చదువుకుంటున్నాం. మా అర్హతలు, సర్వీసు వివరాలు, బాండ్‌కి సమ్మతి పత్రాలు ఒక ఫైలుగా కట్టి ఉంచాం. మీ కార్యాలయం నుంచి ఎవరు అడిగినా, ఎప్పుడు రమ్మన్నా ఆ ఫైలు తీసుకుని వస్తాం.

ఇట్లు,
ఐసీటీసీ కౌన్సిలర్, ఉద్దానం,
శ్రీకాకుళం జిల్లా